కుటుంబ దినం: ఏ రోజు, ఏ వేళ?

ఇంగ్లండులో పలు ఫుట్‌బాల్ క్లబ్బులు ఏడాదిలో ఒకరోజు కుటుంబాల కోసం మైదాన ద్వారాలు తెరుస్తాయి. ఆనాడు పిల్లలు ఆటగాళ్ళ సాధనను కళ్ళారా చూడవచ్చు. పోటీల టిక్కెట్టు కొనలేని ఇంటి బిడ్డకు అభిమాన క్రీడాకారుడు దగ్గరగా కనిపించే అవకాశం బహుశా అదొక్కటే. అందుచేతనే ఆ దినం ఎప్పుడన్న ప్రశ్న అభిమానుల నడుమ వాదానికి దారితీస్తుంది.

బడులకు వేసవి సెలవులు జూలై చివర మొదలవుతాయి. ఆగస్టులో లీగు పోటీలు ఆరంభమవుతాయి. నడుమ మిగిలేవి కొద్ది రోజులే. పనిదినమైతే పిల్లలకు అనుకూలమే. తల్లిదండ్రులకు ఒకనాటి కూలి నష్టం. శనివారమైతే పోటీలు అడ్డు. ఫిబ్రవరి సెలవులలో జరపమనేవారూ ఉన్నారు, కాని ఆ చలిలో పసివారు ఎంతసేపు కూర్చోగలరు? మన పెండ్లి ముహూర్తమే సులభమనిపిస్తుంది!

నిజానికి ఈ ఆట వేళను నిర్ణయించినది శ్రామికుల తీరికయే. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం నేతమిల్లులలో స్త్రీలకు, యువ కార్మికులకు శనివారం మధ్యాహ్నం 2 గంటలకే పని ముగియాలని శాసించింది. క్రమంగా ఆ విరామం ఇతరులకూ లభించింది. 3 గంటలకు ఆట ఆరంభించే సంప్రదాయం అట్లు పుట్టినదే. నేడు దుకాణాలలో, ఆసుపత్రులలో శనివారమూ పనిచేసే తల్లులకు ఆ విరామం లేదు. వారి బిడ్డలను మైదానానికి తీసుకువెళ్ళేదెవరు?

ఆగస్టు తొలి వారంలో అక్కడ సూర్యాస్తమయం రాత్రి 8:30 దాటిన తరువాతనే. కనుక పనిదినమైనా సరే, సాయంకాలం ద్వారాలు తెరవమనేవారి మాటలో న్యాయమున్నది.