రీస్టార్ట్ చేయకుండా కెమెరాను దారికి తేవడం: లినక్స్‌లో మాడ్యూల్ తీయడం ఎలా?

వీడియో కాల్‌కి కూర్చున్నారు. కెమెరా దీపం వెలిగింది, తెర మీద మాత్రం నలుపే. వెంటనే రీస్టార్ట్ చేయబోకండి. లినక్స్‌లో వెబ్‌క్యామ్‌ను సాధారణంగా నడిపేది 'యూవీసీవీడియో' అనే కెర్నల్ మాడ్యూల్. కంప్యూటర్ నడుస్తుండగానే దాన్ని తీసి, మళ్లీ పెట్టొచ్చు. ఆదేశాలను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాం. టెర్మినల్లో మాత్రం చిన్న ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

1. ఉందో లేదో చూడండి. 'ఎల్ఎస్‌మాడ్' కొట్టండి. ఒక్కో వరుసలో మాడ్యూల్ పేరు, బైట్లలో దాని సైజు, ఆ పక్కన ఒక అంకె ఉంటాయి. ఆ అంకే మనకు కీలకం: మాడ్యూల్‌ను ఇప్పుడు ఎందరు పట్టుకుని ఉన్నారో చెబుతుంది. అంకె తర్వాత పేర్లుంటే, అవి దీని మీద ఆధారపడ్డ మాడ్యూళ్లు. 'వీడియోడెవ్' వరుస చివర 'యూవీసీవీడియో' కనిపిస్తుంది, గమనించండి. అంటే పైనున్న 'యూవీసీవీడియో' తీయనిదే కిందున్న 'వీడియోడెవ్' కదలదు.

2. పట్టు విడిపించండి. 'యూవీసీవీడియో' వరుసలో అంకె సున్నా అయితే మూడో మెట్టుకు వెళ్లండి. కాకపోతే బ్రౌజర్, కాల్ యాప్ మూసి మళ్లీ చూడండి. అయినా తగ్గలేదా? 'సుడో ఫ్యూజర్' అని కొట్టి, పక్కన కెమెరా ఫైలు పేరు ఇవ్వండి. అది 'డెవ్' ఫోల్డర్‌లో 'వీడియో' పక్కన సున్నాతో ఉంటుంది. కెమెరాను వదలని ప్రోగ్రామ్ ప్రాసెస్ నంబరు వస్తుంది. దాన్ని మూసేయండి.

3. తీయండి. 'సుడో మాడ్‌ప్రోబ్', ఒక ఖాళీ, హైఫన్, 'ఆర్', మళ్లీ ఖాళీ, మాడ్యూల్ పేరు. పని జరిగితే తెర మీద ఏమీ రాదు. ఆ మౌనమే శుభవార్త. 'ఆర్ఎమ్‌మాడ్' కూడా మాడ్యూల్‌ను తీస్తుంది గానీ, చెప్పిన ఒక్కదాన్నే. 'మాడ్‌ప్రోబ్' అయితే దాని కింద ఇక ఎవరికీ అక్కర్లేని మాడ్యూళ్లనూ తీసేస్తుంది.

4. మళ్లీ పెట్టండి. అదే ఆదేశం, హైఫన్ ఆర్ లేకుండా. ఆపైన 'సుడో డీమెస్‌జీ' కొడితే కెర్నల్ రాసుకున్న చిట్టా వస్తుంది. చివరి వరుసల్లో కెమెరా పేరు ఉందేమో చూడండి.

ఇవి మరవకండి

- 'మాడ్యూల్ వాడకంలో ఉంది' అని కెర్నల్ మొండికేస్తే 'ఆర్ఎమ్‌మాడ్'కి హైఫన్ ఎఫ్ తగిలించి బలవంతం చేయకండి. ఎవరో వాడుతున్న కోడ్‌ను మెమరీ నుంచి లాగేస్తే సిస్టమ్ అక్కడికక్కడే కుప్పకూలొచ్చు. రెండో మెట్టుకే తిరిగి రండి.
- దూరపు సర్వర్‌లో నెట్‌వర్క్ కార్డు మాడ్యూల్ తీయకండి. కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే.
- కెర్నల్‌లోనే కలిపి కట్టినవి 'ఎల్ఎస్‌మాడ్'లో కనిపించవు, ఊడిరావు.

తీసిన మాడ్యూల్ రీస్టార్ట్ తర్వాత మామూలుగా మళ్లీ వచ్చేస్తుంది. కాబట్టి కెమెరా మీద ఈ ప్రయోగం చేయడానికి జంకనక్కర్లేదు. ఆ అంకె సున్నా అయ్యేదాకా ఆగితే చాలు.