డబ్బాకు మూడు రంధ్రములు

లోతు పెరిగినకొలది ద్రవపీడనము పెరుగునని మనము చదివియున్నాము. దీనికి నిదర్శనముగా పెక్కు పుస్తకములందు ఒక బొమ్మ కనిపించును: నీటి డబ్బాకు మూడు రంధ్రములు, అన్నిటికంటె దూరముగా పడుచున్న క్రింది ధార. ఆ బొమ్మను పరీక్షించుటకు ప్రయోగశాల అక్కరలేదు. వాడి పారవేసిన రేకు డబ్బా, మేకు, కొంచెము మైనము చాలును.

డబ్బా అడుగునుండి 6, 12, 18 సెంటీమీటర్ల ఎత్తున సమానమైన రంధ్రములు పొడిచి మైనముతో మూయుదము. అవి ఒకదానికొకటి కొంచెము ప్రక్కగా నుండవలెను. లేనిచో ధారలు కలిసిపోవును. డబ్బాను చదునైన నేలపై నుంచి, 24 సెంటీమీటర్ల వరకు నీరు నింపి, మైనము తీయుదము. మట్టము తగ్గకుండ ఒకరు నీరు పోయుచుండవలెను.

నడిమి ధారయే దూరము పోవును! పైది, క్రిందిది ఇంచుమించు ఒకే దూరమున పడును.

పీడనమును గూర్చిన మాట అబద్ధము కాదు. టారిసెల్లి 1644లో ప్రకటించిన సూత్రము ననుసరించి క్రింది ధార సెకనుకు 188 సెంటీమీటర్ల వేగముతో వెలువడును. పైదాని వేగము 108 మాత్రమే. కాని క్రిందిది 6 సెంటీమీటర్లు దిగగానే నేలను తాకును. పైది 18 సెంటీమీటర్లు దిగవలెను గనుక దానికి వ్యవధి హెచ్చు. లెక్కకు ఆ రెండును 20.8 సెంటీమీటర్లు, నడిమిది 24 సెంటీమీటర్లు పోవలెను. ఘర్షణవలన మన కొలతలు కొంత తగ్గును. వానిని లెక్కకు సరిపడునట్లు దిద్దరాదని మా మనవి.

ఇక డబ్బాను 50 సెంటీమీటర్ల ఎత్తుగల బల్ల అంచున నుంచినచో క్రింది ధారయే ముందు పోవును. పుస్తకములోని బొమ్మకు ఆ బల్ల లేదు.