వీడియో రావట్లేదా? ఊట నుంచి కుళాయి దాకా చూద్దాం



సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మనలో కొందరం కంప్యూటర్లో వీడియో పాఠాలు చూస్తాం. లెక్క సగంలో ఉండగా బొమ్మ ఆగిపోతుంది. తెర మధ్యలో సున్నా తిరుగుతానే ఉంటుంది. వెంటనే "కంప్యూటర్ పాడైపోయింది" అనేస్తాం. చాలాసార్లు అది పాడవదు. తప్పు ఇంకెక్కడో ఉంటుంది. దాన్ని వరుసగా ఎలా వెతకాలో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

వీడియో ఎలా వస్తుంది?

మన ఊళ్ళలో కొండ ఊట నుంచి పైపు వేసి నీళ్ళు తెచ్చుకుంటాం కదా. నీళ్ళు రాకపోతే ముందే కుళాయి విరగ్గొట్టం. ఊటలో నీరుందా, పైపు పగిలిందా, కుళాయిలో మట్టి చేరిందా అని చూస్తాం. వీడియో కూడా అంతే. దూరాన సర్వర్ అనే కంప్యూటర్లో వీడియో ఉంటుంది. అది ఊట. ఇంటర్నెట్ పైపు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్ కుళాయి.

1. ఊట పరీక్ష

అదే సైటులో ఇంకో వీడియో పెట్టండి. అది వస్తే మొదటి వీడియోలోనే లోపం. పెట్టినవాళ్ళు తీసేసి ఉండొచ్చు. మనం చేసేదేమీ లేదు. ఇదీ రాకపోతే వేరే సైటు తెరవండి. అక్కడ వస్తే మొదటి సైటుకే ఇబ్బంది. కాసేపాగి చూడండి.

2. పైపు పరీక్ష

అదే నెట్టుతో ఫోనులో వీడియో చూడండి. ఫోనులోనూ రాకపోతే తప్పు నెట్టుది. ఫోనులో వచ్చి కంప్యూటర్లో రాకపోతే తప్పు కంప్యూటర్లో.

వీడియో ముక్కలు ముక్కలుగా వస్తుంది. మనం చూసే వేగం కన్నా వచ్చే వేగం తగ్గితే సున్నా తిరుగుతుంది. యూట్యూబ్ చెప్పే లెక్క ప్రకారం 1080 క్వాలిటీకి సెకనుకి 5 మెగాబిట్లు కావాలి. 480కి 1.1, 360కి 0.7 చాలు. వీడియో కింద పళ్ళచక్రం గుర్తు నొక్కి క్వాలిటీ తగ్గించుకోవచ్చు.

ఒక లెక్క చేద్దాం. 8 బిట్లు ఒక బైటు. 40 నిమిషాలంటే 2400 సెకన్లు. సెకనుకి 5 మెగాబిట్ల చొప్పున వస్తే 2400 × 5 ÷ 8 = 1500 మెగాబైట్లు. అంటే 1.5 జీబీ. సెకనుకి 0.7 చొప్పున అయితే 210 మెగాబైట్లే. ఒక్క పాఠానికే రోజు డేటా అయిపోవడానికి కారణం ఇదే. డేటా అయిపోయాక చాలా ప్లాన్లలో వేగం 64 కిలోబిట్లకి పడిపోతుంది. అప్పుడు కంప్యూటర్‌ని ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు.

3. కుళాయి పరీక్ష

కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మూడూ కలిపి నొక్కితే క్రోమ్‌లో వేరే కిటికీ తెరుచుకుంటుంది. అందులో వీడియో వస్తే, బ్రౌజర్‌లో చేరిన పాత సరుకో, తగిలించిన ఎక్స్‌టెన్షనో అడ్డం పడుతోందన్నమాట. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ నొక్కి కాష్ తుడిచేయండి. ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటే ఆపి చూడండి. బ్రౌజర్ పాతదైతే అప్‌డేట్ చేయాలి. విండోస్ 7, 8.1 ఉన్న కంప్యూటర్లకు 2023 నుంచి కొత్త క్రోమ్ రావడం లేదు.

మాట వస్తూ బొమ్మ నల్లగా ఉంటే బ్రౌజర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి చూడండి.

4. గడియారం పరీక్ష

దీన్ని ఎవరూ పట్టించుకోరు. మా మామ ఇంట్లో పాత కంప్యూటర్ ఉంది. మా అక్క టెన్త్ పరీక్షలకి దానిమీదే చదువుతోంది. ఒకనాడు వీడియోలే కాదు, ఏ సైటూ తెరుచుకోలేదు. రిపేరు షాపాయన "మదర్‌బోర్డు పోయింది, మూడు వేలవుతుంది" అన్నాడు. మామ అప్పు కోసం తిరిగాడు. అక్కకి పది రోజుల చదువు పోయింది. నేను వెళ్ళి చూస్తే తెర మూలన తేదీలో 2009 అని ఉంది.

కారణం వినండి. దాదాపు ప్రతి సైటూ మన బ్రౌజర్‌కి ఒక ధ్రువపత్రం చూపిస్తుంది. దానికి మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి. కంప్యూటర్ 2009లో ఉన్నాననుకుంటే ఆ పత్రం చెల్లదంటుంది. తేదీ సరిచేయగానే వీడియో వచ్చింది. మర్నాడు మళ్ళీ వెనక్కి పోయింది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది లోపలున్న 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ. దాని పేరు సీఆర్ 2032. ప్లగ్గు తీసేసి, పెద్దవాళ్ళ ఎదుట కొత్తది వేశాం. మూడు వేలు మిగిలాయి.

జాగ్రత్త!

"వీడియో రావాలంటే ఫ్లాష్ ప్లేయర్ దించుకోండి" అని తెర మీద వస్తే నొక్కకండి. అడోబీ కంపెనీ ఫ్లాష్‌ని 31-12-2020తో ఆపేసింది. ఇప్పుడు దాని పేరు చెప్పి ఇచ్చేది వైరస్ కావచ్చు. తెర మీద కనిపించిన నంబరుకి ఫోను కూడా చేయకండి.

మీరే చెప్పండి

1. ఫోనులో వీడియో వస్తోంది, అదే నెట్టుతో కంప్యూటర్లో రావట్లేదు. తప్పు ఊటదా, పైపుదా, కుళాయిదా?
2. సెకనుకి 2.5 మెగాబిట్ల చొప్పున 30 నిమిషాల పాఠానికి ఎన్ని మెగాబైట్లు?
3. రోజూ పొద్దున్నే కంప్యూటర్ తేదీ వెనక్కి పోతోంది. ఏం మార్చాలి?

జవాబులు చీటీ మీద రాసి ఈ పత్రిక కింది పెట్టెలో వేయండి. సరైనవి వచ్చే పత్రికలో పేర్లతో రాస్తాను.