మూల కలవాలంటే ప్యాడు చూడు

చిరంజీవి అల్లుడికి, మదనపల్లె నుంచి మామయ్య ఆశీస్సులు.

కలికిరిలో పటాల అంగడి పెట్టినావని, మూలలు కలిపే మిషను కూడా తెచ్చుకున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషం. ఏ ప్యాడు కొనాలని ఫోనులో అడిగినావు కదా, అది నిలకడగా చెప్పాల్సిన సంగతని రాస్తున్నాను. మిషను కోసం నాలుగు ఊళ్లు విచారించేవాళ్లు కూడా పైన తగిలించే ఆ రబ్బరు ముక్కను పట్టించుకోరు. మూల కుదరడం సగం దాని చేతిలోనే ఉంది.

45 డిగ్రీలకు కోసిన రెండు పటం పట్టీ ముక్కల్ని ముఖం పైకి పెట్టి ఆనిస్తాం. కిందినుంచి వి ఆకారపు మేకు దూరుతుంది. ఆ తోపుకు ఎదురు నిలిచేది పైనుంచి అణిచే ప్యాడే. కాబట్టి మేకు ఎక్కడ దూరుతుందో సరిగ్గా దాని నెత్తిన ప్యాడు ఆనాలి. చదును పట్టీకి ఏ ఆకారమైనా సరిపోతుంది. చిక్కంతా వాలు పట్టీలతోనే. బయటి అంచు ఎత్తుగా ఉండి లోపలికి వాలిందనుకో, వెడల్పాటి ప్యాడు ఆ ఎత్తు మీదే కూచుంటుంది. లోపలి పక్క మేకు ఎక్కగానే ముక్క అటు లేచి, మూలలో వెంట్రుకంత సందు పడుతుంది. అలాంటి పట్టీకి వాలులోకి దిగే చిన్న ముక్కోణపు ప్యాడు వెయ్యి. అంచుల వెంబడే అణచాల్సి వస్తే ఎల్ ఆకారంది.

అనుమానముంటే పనికిరాని ముక్క మీద తెల్లకాగితం, దానిపైన కార్బన్ కాగితం పరిచి ప్యాడు ఒక్కసారి దించు. ఎక్కడ ఆనుతోందో కాగితం మీద మచ్చ పడుతుంది.

టేకు లాంటి గట్టి చెక్కకు గట్టి ప్యాడే కావాలి. మెత్తదయితే బలమంతా అదే మింగేసి, మేకు పూర్తిగా ఎక్కదు. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డలకు టేకు పట్టీ అడిగేవాళ్లు ఎప్పుడో ఒకరు వస్తారు. మనవైపు రోజూ నడిచేది మాత్రం బంగారు రంగు సింథటిక్ పట్టీ: బోయకొండ గంగమ్మ పటాలు, వెంకటేశ్వరస్వామి పటాలు, పెళ్లి ఫోటోలు. దానికి మెత్తది తప్పనిసరి. రంగు వెయ్యని చెక్క మీద నొక్కు పడితే తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే కొంత లేస్తుంది. ప్లాస్టిక్కు మీద పడిన నొక్కు పడినట్టే. ఇంకోమాట, వడ్రంగులు వాడే తెల్ల జిగురు చెక్కలోకి ఇంకి పట్టుకుంటుంది, ప్లాస్టిక్కును పట్టదు. దానికి వేరే జిగురు తెచ్చుకో.

ఖర్చు తగ్గుతుందని పాత టైరు కోసి వాడేవు సుమా. నల్లరంగు తెల్లపట్టీకి అంటుకుంటే తుడిచినా పోదు. కావాలంటే ప్యాడు కింద పలచటి తోలుముక్క అతికించుకో, నున్నటి పక్క పట్టీకి తగిలేలా.

శుభ్రం మరీ ముఖ్యం. మూలలోంచి పైకి ఉబికిన జిగురు ప్యాడుకు అంటి, ఎండి, గింజలా గట్టిపడుతుంది. తరవాతి పటం మీద ఆ గింజ దిగితే బంగారు పూత చిట్లుతుంది. ప్రతి మూలకూ ప్యాడును వేలితో తడిమి, తడిగుడ్డతో తుడిచి మరీ దించు.

సందు కనబడితే మాత్రం ఒత్తిడి పెంచొద్దు. మూలమట్టం తీసి కోత చూడు. కోత తప్పితే ఏ ప్యాడూ కాపాడలేదు.

పోయిన పెద్దల ఫోటో తెచ్చి నీ చేతికిచ్చేవాళ్లు దాన్ని ముప్పై నలభై ఏళ్లు గోడకు ఉంచుకుంటారు. వాళ్ల పనికి ఇంకాస్త నిదానం చూపించు.

ఇప్పటికి మెత్తటి ముక్కోణపుది ఒకటి, మెత్తటి ఎల్ ఆకారంది ఒకటి, టేకుకు గట్టిది ఒకటి చాలు. మిగతావి గిరాకీ చూసుకుని కొను. కొనబోయే ముందు నీ మిషను పిడికి ప్యాడు ఎలా తగులుకుంటుందో, అయస్కాంతమా, మరా, చూసి అడుగు. అన్నీ అన్నిటికీ పట్టవు.

ఇట్లు,
మీ మామయ్య