పుట్టింటి నుంచి తిరిగివచ్చిన బాలింత

కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆచారం. తొలిచూలు అయితే మరీను. బిడ్డ పుట్టాక మూడో నెలలోనో అయిదో నెలలోనో మంచిరోజు చూసుకుని, బిడ్డను ఎత్తుకుని అత్తవారింటికి వస్తారు. పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ అమ్మో, అమ్మమ్మో, వదినో ఎవరో ఒకరు చేతికింద ఉంటారు. బిడ్డకు ఒకరు నీళ్లు పోస్తే ఒకరు గుడ్డలు ఉతుకుతారు. బాలింతకు వేళకు ఇంత వేడి అన్నం దొరుకుతుంది.

అయితే ఇవాళ చాలామంది దంపతులకు అత్తవారిల్లు అంటే ఊళ్లో ఇల్లు కాదు. మెదక్, మహబూబ్‌నగర్, నల్లగొండ పల్లెల నుంచీ, శ్రీకాకుళం, రాయలసీమ పల్లెల నుంచీ పని కోసం వచ్చి కూకట్‌పల్లి, మూసాపేట, బాలానగర్ బస్తీల్లో అద్దెకు తీసుకున్న ఒక్క గది. భర్త మేస్త్రీ పనికో, ఆటో తోలడానికో, హైటెక్ సిటీ వైపు ఆఫీసులు ఊడ్చే పనికో తెల్లవారేసరికి వెళ్లిపోతాడు. అపార్టుమెంటు వాచ్‌మన్ అయితే కింద బండ్లు నిలిపే చోట మెట్ల పక్కన గది. మూడో నెల బిడ్డతో అక్కడికి వచ్చిన తల్లి, భర్త గడప దాటిన క్షణం నుంచి ఒంటరి.

తల్లికి అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. మళ్లీ గర్భం నిలిచే అవకాశం కూడా అప్పుడే మొదలవుతుంది. ఊళ్లో ఉన్నన్నాళ్లు ఆలుమగలు వేరువేరుగా ఉన్నారు కనుక ఆ ఆలోచన ఇద్దరికీ రాదు. వచ్చాక ఆలోచించే తీరిక ఉండదు. అందుకే ఈ మాటలు ఇద్దరూ కలిసి చదవండి. ఒకరికి చదువు రాకపోతే రెండోవారు చదివి వినిపించండి.

తల్లికి రోజు ఎలా గడుస్తుంది?

చంటిబిడ్డ రాత్రీ పగలూ కలిపి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగుతుంది. తడవకు ఇరవై నిమిషాలు వేసుకున్నా, పాలివ్వడానికే రెండు గంటల నలభై నిమిషాల నుంచి నాలుగు గంటల దాకా పోతుంది. తాగిన ప్రతిసారీ బిడ్డను భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరాలి. గుడ్డలు మార్చాలి, ఉతకాలి, ఒక్క కిటికీ ఉన్న గదిలో ఆరెయ్యాలి. నల్లా వచ్చే వేళకు బిందెలు పట్టుకోవాలి. ఇంటాయనకు అన్నం డబ్బా కట్టాలి. వీటి మధ్యలో తను తినాలి, తను స్నానం చెయ్యాలి. మిగిలేది నిద్ర. అది ఎంత మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి.

"ఇంట్లోనే ఉంటుంది గదా, ఏం పని?" అనే భర్త ఒకసారి సెలవు రోజున పొద్దుటి నుంచి రాత్రి దాకా బిడ్డ పనులన్నీ, పాలివ్వడం తప్ప, తను చేసి చూడాలి. ఆ తరువాత ఆ మాట అనడు.

"బిడ్డ పడుకున్నప్పుడు నువ్వూ పడుకో" అని అందరూ చెబుతారు. మంచి మాటే. కాని బిడ్డ పడుకున్న ఆ గంటలోనే వంట, నీళ్లు, గిన్నెలు పూర్తికావాలి కదా! ఆ పనులు ఇంకొకరు పంచుకోకపోతే ఈ సలహా నోటిమాటగానే మిగులుతుంది. పాలివ్వడం ఒక్కటే తల్లి తప్ప ఇంకెవరూ చెయ్యలేనిది. తక్కినవన్నీ తండ్రి చెయ్యగలడు. పనికి పోయేముందు నీళ్లు పట్టి పెట్టడం, సాయంత్రం గుడ్డలు ఉతికి ఆరెయ్యడం, రాత్రి ఒక తడవ తను లేచి తడిగుడ్డ మార్చి బిడ్డను తల్లి పక్కలో పడుకోబెట్టడం, ఇవన్నీ రోజంతా కూలి చేసి వచ్చినవాడికీ సాధ్యమే. రాత్రి వంట ఒక కూరతో సరిపెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఊరి నుంచి అత్తమ్మనో అమ్మనో తీసుకురాగలిగితే, ఆ రావడం మొదటి నెలలో పెట్టుకోండి. బారసాల అయిపోయింది కదా అని పెద్దవాళ్లు వెంటనే వెళ్లిపోతే, అవసరమైన రోజుల్లో ఎవరూ ఉండరు.

పథ్యం పేరుతో తల్లిని ఎండబెట్టకండి

బాలింతకు నీళ్లు ఎక్కువ ఇస్తే పొట్ట పెరుగుతుందనీ, బిడ్డకు జలుబు చేస్తుందనీ నీళ్లు కొలిచి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కారప్పొడి అన్నం తప్ప కూర పెట్టనివాళ్లు ఉన్నారు. పాలు తయారయ్యేది తల్లి తినే తిండి నుంచి, తాగే నీళ్ల నుంచి. దాహం వేసినప్పుడల్లా తాగాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు, పండు అన్నీ తినవచ్చు. మామూలుగా తినేదానికంటే ఒక పూట ఎక్కువ తినాలి. గుప్పెడు వేరుశెనగలు, బెల్లం ముక్క దగ్గర పెట్టుకుని పాలిచ్చేటప్పుడు తింటే సులువు. కాన్పు తరువాత ఇనుము మాత్రలు రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. మలం నల్లగా వస్తుంది, దానికి భయపడి మానకండి. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఉన్నాయి. మీరు వేరే ఊరివారైనా సరే, వచ్చిన వారంలోనే బస్తీ అంగన్‌వాడీలోనూ, ఆశా కార్యకర్త దగ్గరా పేరు రాయించుకోండి. టీకాల కార్డు చూపిస్తే ఊళ్లో వేసినవి పోను మిగిలిన టీకాలు ఇక్కడే వేస్తారు.

బిడ్డ సంగతి ఇక్కడ కొంచెమే చెబుతాం. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దు. ఏప్రిల్ ఎండల్లో కూడా మంచినీళ్లు అక్కరలేదు, పాలలోనే నీళ్లు ఉన్నాయి. ఆముదం, తేనె, గ్రైప్‌వాటర్ వద్దు. ముక్కులో, చెవుల్లో నూనె పోయవద్దు. సాంబ్రాణి పొగ మన పల్లె పెంకుటింట్లో పైకి పోయేది. కిటికీ మూసిన ఒక్క గదిలో అది బిడ్డ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. రోజుకు ఆరుసార్లు లేక అంతకుమించి మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. బిడ్డ పాలు తాగడం మానేసినా, ఎగరొప్పుతున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, ఒళ్లు కాలుతున్నా లేక చల్లబడినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోను చెయ్యండి.

తల్లి పనికి వెళితే ఏమవుతుంది?

ఇక్కడే అందరూ తప్పు పడే చోటు ఉంది. జాగ్రత్తగా చదవండి.

"పాలిస్తున్నాను గదా, ఇంకా ముట్టు రాలేదు గదా, ఇప్పుడే కడుపు రాదులే" అనే నమ్మకం మన ఆడవాళ్లలో ఉంది. అందులో కొంత నిజం ఉంది. బిడ్డ చనుమొనను చీకినప్పుడల్లా ఆ స్పర్శ మెదడుకు అంది, అండం విడుదల కాకుండా ఆగుతుంది. కాని ఈ రక్షణ మూడు షరతులూ ఉన్నప్పుడే ఉంటుంది. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు. తల్లికి తిరిగి ముట్టు వచ్చి ఉండకూడదు. బిడ్డ రాత్రీ పగలూ తల్లిపాలు మాత్రమే, పగలు నాలుగు గంటలకు మించి, రాత్రి ఆరు గంటలకు మించి ఎడం లేకుండా, తాగుతూ ఉండాలి. మూడూ ఉంటే నూటికి తొంభై ఎనిమిది మందికి గర్భం రాదు. ఒక్కటి తప్పినా ఆ రక్షణ పోయినట్టే.

ఇప్పుడు మన కూకట్‌పల్లి గదిలో ఏం జరుగుతుందో చూడండి. అద్దె, ఊళ్లో అప్పు, బియ్యం ఖర్చు తరుముతుంటే నాలుగో నెలలో తల్లి రెండు మూడు ఇళ్లలో అంట్లు తోమే పనికి ఒప్పుకుంటుంది. పొద్దున ఏడింటికి వెళితే పన్నెండున్నరకు వస్తుంది. బిడ్డను పక్కింటి అక్క చూస్తుంది. ఆకలికి ఏడిస్తే సీసాతో గేదెపాలు పడుతుంది. పాపం, ఆమె మంచికే చేసింది. కాని ఆ అయిదున్నర గంటల ఎడంతో మూడో షరతు తెగిపోయింది. ముట్టు మాత్రం ఇంకా రాలేదు. తల్లి ధైర్యంగానే ఉంటుంది.

అండం ముందు విడుదలవుతుంది. ముట్టు దాని తరువాత రెండు వారాలకు వస్తుంది. ఆ మొదటి అండమే ఫలిస్తే ముట్టు అసలు కనబడదు. ఇంకా పాల మహిమే అనుకుంటూ, నాలుగైదు నెలలకు కడుపులో కదలిక తెలిసినప్పుడు గాని ఆమెకు సంగతి తెలియదు. చంకలో ఏడాది నిండని బిడ్డ, కడుపులో ఇంకొకటి. మొదటి కాన్పులో పోయిన రక్తం ఇంకా తిరిగి పట్టలేదు. ఒక కాన్పు తరువాత మళ్లీ గర్భానికి కనీసం రెండేళ్లు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే బిడ్డకూ బిడ్డకూ దాదాపు మూడేళ్ల ఎడం. అంతకంటే దగ్గరైతే నెలలు నిండకుండా, తక్కువ బరువుతో బిడ్డ పుట్టే అవకాశం ఎక్కువ. తల్లికి రక్తహీనత ముదురుతుంది. పాలు తాగే బిడ్డకూ తల్లి ఒడి దొరకదు.

పనికి వెళ్లక తప్పకపోతే వెళ్లండి. వెళ్లేముందు బిడ్డకు కడుపునిండా పట్టండి. చేతులు సబ్బుతో కడుక్కుని, చేత్తో పాలు పిండి శుభ్రమైన స్టీలు గిన్నెలో మూతపెట్టి నీడపట్టున ఉంచండి. నాలుగు గంటల లోపల ఉగ్గుగిన్నెతో పట్టించమని చెప్పండి. ఎండాకాలమైతే ఇంకా త్వరగా పట్టించాలి. సీసా వద్దు, దాన్ని శుభ్రంగా ఉంచడం మన గదుల్లో కష్టం. ఇది బిడ్డ ఆరోగ్యానికి మంచిదే గాని, గర్భం రాకుండా ఉండటానికి దీన్ని నమ్ముకోవద్దు. చేత్తో పిండటం, బిడ్డ చీకడం ఒకటి కాదు. పనికి వెళ్లే తల్లి వేరే ఉపాయం చూసుకునే తీరాలి.

ఎడం కోసం ఏమున్నాయి?

మన తెలుగు ప్రాంతాల్లో పెళ్లయిన ఆడవాళ్లలో సగానికి పైగా పిల్లలు చాలనుకున్నాక ఆపరేషన్ చేయించుకున్నవారే. కనుక ఆపరేషన్ సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు. తెలియనిది, ఇద్దరు బిడ్డల నడుమ ఎడం కోసం ఏం చెయ్యాలన్నదే. ఇవన్నీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం.

నిరోధ్ అన్నిటికన్నా సులువు. పాలకు సంబంధం లేదు, భర్త బాధ్యత. ప్రతిసారీ వాడాలి, "ఈ ఒక్కసారికి" అంటే కుదరదు.

కాపర్-టి కాన్పయిన 48 గంటల్లోపు ఆస్పత్రిలోనే వేస్తారు. అప్పుడు కాకపోతే ఆరు వారాలు నిండాక వేయించుకోవచ్చు. రకాన్ని బట్టి అయిదేళ్లు లేక పదేళ్లు పనిచేస్తుంది. తీయించుకోగానే మళ్లీ గర్భం రావచ్చు. అత్తమ్మలు "లూపు" అని భయపెట్టేది 1965లో మన దేశంలో పెట్టిన పాత ప్లాస్టిక్ లూపు గురించి. ఇది వేరు. మొదటి రెండు మూడు నెలలు ముట్టు కొంచెం ఎక్కువగా, నొప్పిగా ఉండవచ్చు. పైకి పాకి గుండెలోకి పోవడం అనేది వట్టిమాట.

అంతర ఇంజెక్షన్ మూడు నెలలకు ఒకటి, పాలిచ్చే తల్లికి ఆరు వారాల తరువాత ఇస్తారు. ముట్టు క్రమం తప్పవచ్చు, ఆగిపోనూ వచ్చు. అది చెడురక్తం లోపల నిలిచిపోవడం కాదు. మానేశాక గర్భం నిలవడానికి కొన్ని నెలలు పడుతుంది.

ఛాయా మాత్రలో హార్మోన్లు లేవు, పాలకు ఇబ్బంది లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తరువాత వారానికి ఒకటి. ఆదివారం, బుధవారం అని రోజులు పెట్టుకుని, కేలండరులో గీత గీసే పని భర్తకు అప్పగించండి. కామెర్లు వచ్చి ఉంటే ముందే చెప్పాలి. రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్రలు మాత్రం పాలిచ్చే తల్లికి ఆరు నెలల దాకా వద్దు.

మూడో నెలలో తిరిగివచ్చినవారు ఆలుమగలు కలవకముందే వీటిలో ఒకటి మొదలుపెట్టాలి. ముట్టు వచ్చేదాకా ఆగవద్దు. బిడ్డకు మూడున్నర నెలల టీకా ఎలాగూ ఉంది, ఆ రోజే అడగండి.

పిల్లలు ఇక చాలనుకుంటే మగవారి ఆపరేషన్ కూడా ఉంది. కోతా కుట్లూ లేకుండా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, బలం తగ్గదు. 1975-77 అత్యవసర పరిస్థితి కాలంలో దేశంలో జరిగిన బలవంతాల వల్ల మగవారిలో భయం పాతుకుపోయింది. ఇప్పుడు మీరు సంతకం చెయ్యందే ఎవరూ చెయ్యరు. ఆపరేషన్ తరువాత మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్య పరీక్ష చేయించుకోవాలి.

తల్లి మనసు

ఒక మాట మిగిలింది. కాన్పయిన మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం మామూలే, తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే, చచ్చిపోదామనిపిస్తే, అది గాలీ ధూళీ కాదు, పొగరూ కాదు. వైద్యంతో నయమయ్యే జబ్బు. ఒంటరి గదిలో ఇది తల్లి తనంతట చెప్పుకోలేదు. భర్తే గమనించి నర్సమ్మకు చెప్పాలి, డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. 14416 నంబరుకు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణం తీసుకుంటానన్న మాట నోట వస్తే ఆ పూట ఆమెను ఒంటరిగా వదలి పనికి వెళ్లవద్దు.

కేంద్రానికి వచ్చేటప్పుడు మాతా శిశు సంరక్షణ కార్డు, కాన్పు చేసిన ఆస్పత్రి కాగితం తెచ్చుకోండి. కాన్పప్పుడే కాపర్-టి వేశారేమో ఆ కాగితంలో ఉంటుంది, వేసిన సంగతి తల్లికి గుర్తులేకపోవడం కద్దు. టీకాలు మామూలుగా బుధ, శనివారాల్లో వేస్తారు. భర్త ఆ పూట పని మానుకుని రాగలిగితే, నర్సమ్మ ఇద్దరితో ఒకేసారి మాట్లాడుతుంది.