నేర్చిన ఈత నిలుచునా?

వేసవి సెలవులలో చెరువునందో, దిగుడు బావియందో ఈత నేర్చిన పిల్లలు, బడులు తెరచిన పిదప నెలల తరబడి నీటిలో దిగరు. మరల దిగునపుడు ఆ విద్య వారియందు నిలిచియుండునా అను ప్రశ్న పంచాయతీ సభ్యులు ఆలోచింపదగినది.

చక్కగా పట్టుబడిన ఈత సైకిలు తొక్కుట వంటిది. సులభముగా మరపునకు రాదు. కాని దమ్ము అట్లు నిలువదు. అభ్యాసము మానిన కొద్ది వారములకే తగ్గనారంభించును. సొరకాయ బుర్ర విడిచి నాలుగు బారలు మాత్రమే ఈదగలిగిన పసివాడు మరల మొదటికి వచ్చుటయు కలదు.

ఈలోగా చెరువును మారును. వేసవిలో మట్టి త్రవ్విన చోట వానకాలమున లోతైన మడుగు ఏర్పడును. దమ్ము తగ్గి, లోతు పెరిగి, ‘నాకు ఈత వచ్చు’నను ధైర్యము మాత్రము మిగిలినచో అదియే ప్రమాదము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2021లో ప్రపంచమున సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరి. ఆరేండ్లు దాటిన పిల్లలకు ఈతయు, నీటి జాగ్రత్తలును నేర్పవలెనని ఆ సంస్థ సూచించినది.

కావున విరామానంతరము పిల్లలను ఈత తెలిసిన పెద్దల యెదుట, వారి రొమ్ములోతు నీటిలోనే ఈదించి చూడవలెను. వెల్లకిల తేలుట, ఊపిరి పట్టి విడుచుట మరల సాధన చేయింపవలెను. మట్టి తీసిన గుంటలయొద్ద పంచాయతీ కంచె వేయించి, రేవున మోకును, గాలి నింపిన ట్యూబును ఉంచవలెను.

ఈత వచ్చునా అని గాక, నేడు ఎంత దూరము ఈదగలడని అడుగుట మేలు.