అణు సైనికుల ఫైళ్లు నేర్పినవి

అమెరికాలో ఒక మాజీ సైనికుల ఆసుపత్రిలో క్యాన్సర్ వైద్యుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. అలాంటి చోట్ల రెసిడెన్సీ చేస్తున్న మన పిల్లల కోసం ఈ నాలుగు మాటలు.

1. అడగనిదే చెప్పరు.

నెవాడా ఎడారిలో, పసిఫిక్ దీవుల్లో అణు పరీక్షల్లో పాల్గొన్నవారికి నోరు విప్పకూడదని ఆంక్ష. 1996లో గానీ అది తొలగలేదు. కట్టుకున్న భార్యకే చెప్పనివాళ్లు మనకు చెబుతారా? సైన్యంలో చేశారా అని అడిగి సరిపెట్టుకుంటే లాభం లేదు. ఎక్కడ, ఏ ఏడు అని అడగండి. 1946లో బికినీయా? 1957లో నెవాడాయా?

2. ఎటూ తేల్చని ఉత్తరం రోగికి అక్కరకు రాదు.

రోగుల పరిహారపు క్లెయిమ్‌ల కోసం ఇచ్చే ఉత్తరాల్లో ‘రేడియేషన్ వల్ల వచ్చి ఉండవచ్చు’ అని చాలాకాలం రాశాను. శాస్త్రం తెలిసినవాడి నిజాయితీ అదేననుకున్నాను. క్లెయిమ్ తేల్చేవారికి అది ఊహ మాత్రమే. వాళ్లకు కావలసింది వేరు: సేవలో తగిలిన రేడియేషన్ వల్ల ఈ జబ్బు రావడానికి, రాకపోవడానికి ఉన్నంత అవకాశమైనా ఉందా? త్రాసు సమంగా నిలిస్తే సంశయ లాభం సైనికుడికే ఇవ్వాలని చట్టం. అంటే రూఢిగా చెప్పమని మనల్ని ఎవరూ అడగడం లేదు. మోతాదెంత, అప్పటి వయసెంత, జబ్బు ఎన్నేళ్లకు బయటపడింది, పొగతాగే అలవాటుందా అన్నవి తూచి, ఎటు మొగ్గుతున్నామో, ఎందుకో రాయాలి. ఇది తెలిసేలోపు నా ఉత్తరాలు పట్టుకెళ్లినవాళ్లలో కొందరు తిరస్కారపు కాగితంతోనే పోయారు.

3. ముందు జాబితా చూడండి.

ఈ సైనికులకు వస్తే రేడియేషన్ వల్లే వచ్చినట్టు చట్టం భావించే జబ్బుల జాబితా ఒకటుంది. 1988 చట్టంలో అది పదమూడు క్యాన్సర్లతో మొదలైంది. ఇప్పుడు ఇరవై ఒకటి. ఊపిరితిత్తుల క్యాన్సర్ 2002లో గానీ చేరలేదు. జబ్బు జాబితాలో ఉండి, పరీక్షలో పాల్గొన్నట్టు తేలితే మోతాదు నిరూపించనక్కర్లేదు. ప్రోస్టేట్ అందులో లేదు. దానికి రక్షణ శాఖ మోతాదు లెక్కగట్టాలి. ఆనాడు అందరికీ రేడియేషన్ కొలిచే ఫిల్మ్ బ్యాడ్జీలే ఇవ్వలేదు, ఇక లెక్కెంత గట్టిదో మీరే ఊహించండి! 1977-80లో అణు పరీక్షలు జరిగిన ఎనివెటాక్ దీవులను శుభ్రం చేసినవారినీ, హైడ్రోజన్ బాంబులున్న విమానాలు కూలిన పాలోమారెస్, థూలేలలో పనిచేసినవారినీ 2022లో పాక్ట్ చట్టం ఈ వరుసలోకి తెచ్చింది. పాత తిరస్కారాలున్నవాళ్లను మళ్లీ దరఖాస్తు పెట్టమనండి.

4. కాగితానికీ ఆయుష్షు ఉంటుంది.

1973లో సెయింట్ లూయిస్ రికార్డుల కేంద్రం తగలబడి కోటిన్నరకు పైగా సైనికుల ఫైళ్లు పోయాయి. పాత ఫోటోలు, ఇంటికి రాసిన ఉత్తరాలు, తోటివారి వాంగ్మూలాలు దాచమనండి. భర్త పోయాక భార్యకూ పరిహారం అడిగే హక్కుంది. అక్కడ మరణ ధ్రువపత్రం కీలకం. దాన్ని నింపేది మనమే. న్యుమోనియా అని రాసి సంతకం పెట్టేయకుండా, ఆ న్యుమోనియాకు దారితీసిన లుకేమియాను కూడా కింది గడిలో రాయండి.